నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?



సీమ నుంచి వచ్చినవాళ్లకు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. సినిమావాళ్లకు పిచ్చాసుపత్రి. నాకు మాత్రం వాన గుర్తొస్తుంది. ఈ ఎర్రగడ్డ చుట్టుపక్కల కురిసిన నీళ్లు కూకట్‌పల్లి నాలాలో పడి ఫతేనగర్, బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్‌కు పోవాలి. వాటి దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడింది. కోచింగ్ కోసం వచ్చి అమీర్‌పేటలో మూడో అంతస్తు గదిలో ఉండేవాణ్ణి. నా పుస్తకం ఒక్కటీ తడవలేదు. సెల్లారులో ఉండే వాచ్‌మన్ కుటుంబం మాత్రం బియ్యం డబ్బా, రేషన్ కార్డు పట్టుకుని రాత్రంతా మెట్ల మీదే కూర్చుంది. భవనం ఒకటే, వాన ఒకటే. ముంపు అద్దెను బట్టి వచ్చింది. ఆ రాత్రి వాళ్లను నా గదిలోకి పిలవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

2020 అక్టోబరులో మళ్లీ అదే బేగంపేటలో 19 సెంటీమీటర్లు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుంది. మోసింది ఎక్కడో ఒకచోట కుమ్మరిస్తుంది. గంటకు రెండు సెంటీమీటర్లు దాటితే మన నాలాలు తట్టుకోలేవని ఇంజినీర్లు ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు.

ఈ ఊరికి వరద కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15,000 మంది పోయారు. ఆ తర్వాతే ఇంజినీరు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. వరదను అదుపు చేసే జలాశయాలు ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కానీ వరద నాడు నూటయాభై మందిని కాపాడింది అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు. ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, వెళ్లి చూడండి.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు భవనాల ప్లాన్ల మీద సంతకాలు పెడతారు. పెట్టేముందు ఆ భవనం కట్టే వీధిలో చాయ్ బండి దగ్గర నిలబడి ఒక్క మాట అడగండి: "అన్నా, మొన్నటి వానకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయి?" మోకాలో నడుమో చేత్తో చూపిస్తాడు. ఆ కొలత రాసుకోండి.

ఇవాళ ఇంటికి వెళ్లాక మీ సెల్లారులో ఎవరు ఉంటున్నారో చూడండి. వాళ్ల ఫోన్ నంబరు తీసుకోండి. అర్ధరాత్రి వాన ముదిరితే మీ తలుపు కొట్టొచ్చని ముందే చెప్పి ఉంచండి.