దిగితేగాని ఎక్కలేని దారి

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల పంపిణీ సభలో, బెంగళూరులో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నేను కూడా ఒకప్పుడు ఇలాంటి సాయంతోనే చదువుకున్నవాణ్ణి కాబట్టి కాదనలేకపోయాను. అయితే నేను చెప్పబోయేది పిల్లలకంటే పెద్దలకే ఎక్కువ పనికొస్తుంది. మా అబ్బాయి అనుమతితోనే చెబుతున్నాను.

రెండేళ్ల కిందట వాడికి నీట్‌లో సీటు రాలేదు. ఇంట్లో మాటలు ఆగిపోయాయి. వాడి మనసు కుదుటపడుతుందని వారం రోజులు భూటాన్ వెళ్లాం. నిజానికి కుదుటపడాల్సింది నా మనసే. థింఫులో తిరుగుతున్నా, పునాఖాలో నది ఒడ్డున కూర్చున్నా, ఏదో ఒక వంకతో నా నోట ఆ ర్యాంకు మాటే వచ్చేది. అక్కడ మిరపకాయను కారం కోసం వేయరు, దాన్నే కూరగా వండుతారు. చీజుతో చేసే ఆ ఎమా దాత్షీ తింటే గుంటూరువాళ్లకైనా కన్నీళ్లు రావాల్సిందే. భోజనం దగ్గర మావాడి కళ్లలో నీళ్లు చూసి కారం వల్లే అనుకున్నాను.

చివరి రోజు పారోలో తక్త్‌సంగ్ మఠానికి బయలుదేరాం. ఎనిమిదో శతాబ్దంలో పద్మసంభవుడు ఆడపులి మీద వచ్చి అక్కడి గుహలో తపస్సు చేశాడని వాళ్ల నమ్మకం. 1692లో ఆ గుహ దగ్గర, నిలువు కొండ అంచున మఠం కట్టారు. అది సముద్రమట్టానికి పది వేల అడుగుల పైన ఉంటుంది. చెన్నై తీరం నుంచి మన బెంగళూరు ఎంత ఎత్తో, పారో లోయ నుంచి ఆ మఠం దాదాపు అంత ఎత్తు.

ఆయాసపడుతూ, ఆగుతూ ఎక్కాం. ఒక మలుపు తిరగగానే మఠం ఎదురుగా కనబడింది. చెయ్యి చాస్తే అందేటట్టుంది. కానీ మధ్యలో లోయ. వందల మెట్లు కిందికి దిగి, జలపాతం దగ్గర చిన్న వంతెన దాటి, మళ్లీ ఎక్కాలి. నాకు నీరసం వచ్చి కూర్చుండిపోయాను. "ఇంత కష్టపడి ఎక్కింది దిగడానికా?" అన్నాను.

మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "దిగితేనే కదా నాన్నా అటు ఎక్కేది. ఇది కూడా దారిలోదే" అన్నాడు.

వాడు మెట్ల గురించే అన్నాడేమో. నాకు మాత్రం వారం రోజులుగా నేనన్న మాటలన్నీ గుర్తొచ్చాయి.

పైన గైడు చెప్పాడు: 1998లో అగ్నిప్రమాదంలో ఆ మఠం చాలావరకు కాలిపోయిందట. అదే అంచున మళ్లీ కట్టుకున్నారు. 2005కి పూర్తయింది. ఏడేళ్లు! ఒక్క ఏడాది పోయిందని నేను ఇల్లంతా చీకటి చేశాను.

దిగుతున్నప్పుడు మొదటిసారి అడిగాను: "నీకేం చదవాలని ఉందిరా?" వ్యవసాయ శాస్త్రం అన్నాడు. మా నాన్న సేద్యం కష్టాలు మాకు వద్దని మమ్మల్ని చదివించారు. అందుకే ఆ మాట మింగుడు పడటానికి నాకు పారో నుంచి బెంగళూరు దాకా పట్టింది. ఇప్పుడు వాడు అదే చదువుతున్నాడు. మార్కులు గొప్పగా ఏమీ లేవు. కానీ సెలవులకు ఇంటికొస్తే భోజనాల దగ్గర మట్టి గురించి, విత్తనాల గురించి మాట్లాడతాడు. నేను వింటాను.

భూటాన్ తన 2008 రాజ్యాంగంలో పదో తరగతి దాకా ఉచిత విద్యకు హామీ ఇచ్చింది. డబ్బు లేక చదువు ఆగకూడదన్నదే మన ట్రస్టు సంకల్పం కూడా. పెద్దలకు ఒక విన్నపం. మంచి మార్కులవాళ్లతో పాటు, ఒక ఏడాది పోయినా మళ్లీ పుస్తకం పట్టిన పిల్లల దరఖాస్తులు కూడా చూడండి. వచ్చే ఏడాది అటువంటి ఒకరి ఖర్చు నేను భరిస్తాను.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి భోజనం దగ్గర మార్కుల ప్రస్తావన తేకండి. మీ పిల్లల్ని ఇంకేదైనా అడగండి.

పిల్లలందరికీ నా ఆశీస్సులు. సెలవు.