వేగమర్యాద



దోహా నగరమునందలి విద్యాలయములలో చదువు ముగించి పట్టములందుకొన్న తెలుగు యువతీయువకులారా! మీలో పలువురు ఇంజనీరులు. నేడో రేపో ఈ దేశపు రహదారులను, కట్టడములను, కర్మాగారములను నడిపించు బాధ్యత మీ చేతులలోనికి రానున్నది. కావున మీరు నిత్యము చూచుచున్నదే యైనను, నిలిచి యోచించుటకు తీరిక దొరకని యొక విషయమును గూర్చి నేడు ప్రసంగింప దలచితిని. సల్వా రోడ్డుమీదను, దుఖాన్ రహదారిమీదను ఎఱ్ఱని వలయము నడుమ నిలిచియున్న 120 అను అంకె ఎవరి యాజ్ఞ? 2007వ సంవత్సరపు 19వ సంఖ్యగల ట్రాఫిక్ చట్టము దానికి బలము నిచ్చుచున్నదనుట నిజమే. కాని చట్టము పుట్టకమునుపే ప్రకృతి వేగమునకు హద్దులు గీచి యుంచినది. వానిని తెలిసికొననిదే ఫలకముమీది అంకె మనకు బోధపడదు.

రెండు కిలోమీటర్ల యెత్తున నున్న మేఘమునుండి జాఱిన వానచినుకునకు నడుమ గాలియే లేకున్నచో, నేలను చేరునప్పటికి దాని వేగము సెకనుకు దాదాపు 200 మీటర్లై, వరిచేలను చీల్చి, ఆషాఢమేఘమును చూచి పరవశించు జాతి ఆ మేఘమునకే భయపడి దాగికొనునట్లు చేసియుండెడిది. గాలి యొసగు నిరోధము వేగముకన్న వడిగా పెరుగును. వేగము రెట్టింపైనచో నిరోధము ఇంచుమించు నాలుగు రెట్లగును. ఆ నిరోధము చినుకు బరువుతో సరితూగిన క్షణమునుండి వేగము పెరుగుట ఆగిపోవును. అందువలననే ఎంత పెద్ద చినుకైనను సెకనుకు సుమారు 9 మీటర్లకు మించి మనమీద పడదు. ఖతర్ ప్రజలు ప్రాణప్రదముగ పెంచుకొను షాహీను డేగ, ఱెక్కలు ముడిచి వేటమీదికి దూకునపుడు గంటకు 300 కిలోమీటర్లను దాటును. అదియు దేహమును సన్నము చేసికొని తన హద్దును కొంత ముందునకు జరుపుకొన్నదే గాని తొలగించుకొనలేదు.

మెసయీద్‌కు దక్షిణమున ఖోర్ అల్ ఉదైద్ దిక్కుగ సాగు అర్ధచంద్రాకారపు ఇసుకతిన్నెలను మీరు విహారమునకు పోయి చూచియే యుందురు. అవియు ప్రయాణము చేయునవే. ఉత్తరమునుండి వీచు షమాల్ గాలి ఒక వాలుమీది ఇసుకను లేపి, శిఖరము దాటించి, ఆవలి వాలున జాఱవిడుచుచుండగా తిన్నె యంతయు ఏటికేడు దక్షిణముగ కదలును. తిన్నె యెంత యెత్తైనదో, ఒక్క అడుగు కదలుటకు అంత యెక్కువ ఇసుక తరలిపోవలసియుండును గనుక, పెద్దతిన్నె మెల్లగను చిన్నతిన్నె వడిగను నడచును. చిన్నది వెనుకనుండి వచ్చి పెద్దదానిని కలిసికొనుటయు కలదు. రాల్ఫ్ బాగ్నాల్డ్ అను ఆంగ్లేయ సైనికాధికారి ఈ ఎడారి గణితమును 1941లో గ్రంథస్థము చేసెను. ఇంతకన్న సూక్ష్మమైన హద్దు మీ చేతి ఫోనులో కలదు. హైదరాబాదు ఇచ్చటికి సూటిగా 2,900 కిలోమీటర్లు. గాజుతంతువు గుండ కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. కావున మీ అమ్మమ్మ పలికిన పలుకు ఎంత తిన్నని త్రోవను వచ్చినను, సెకనులో వేయింట పదునాలుగు భాగములు గడువనిదే ఆ తంతువుగుండ మిమ్ము చేరజాలదు.

మోటారుకారు విషయమున ప్రకృతి పెట్టిన ఈ కట్టుబాటు సడలినది. గంటకు 120 కిలోమీటర్లవద్ద గాలి బండిని నిలువరింపదు. ఇంజను దానిని అవలీలగ త్రోసికొనిపోవును. ప్రకృతి గీచిన హద్దు అంతమాత్రమున చెరగిపోలేదు. అది బండినుండి జరిగి, నడుపువాని కంటిలోనికి, నరములలోనికి, టైరు పట్టులోనికి, తుదకు దారి దాటుచున్న మనుష్యుని యెముకలలోనికి పోయినది. చినుకును గాలి యెప్పటికప్పుడు ఆపుచుండును. బండి నడుపువానికి హద్దు దాటిన సంగతి ఢీకొన్న పిదప గాని తెలియదు. అందువలననే ఇచ్చట ముందుగా నోరు విప్పవలసిన పని చట్టమునకు పడినది.

గంటకు 120 అనగా సెకనుకు 33 మీటర్లు. ఎదుటి అపాయమును చూచి పాదము బ్రేకును నొక్కు సెకనున్నరలోపల బండి 50 మీటర్లు పోవును. పొడిదారిలో మంచి టైర్లతో ఆగుటకు మఱి 80 మీటర్లు పట్టును. 60 వేగమున ఈ రెండును కలిసి 45 మీటర్లకు చేరును. అనగా వేగము రెట్టింపగునప్పటికి ఆగు దూరము మూడు రెట్లకు సమీపించినది. షమాల్ ధూళిలోనో, శీతకాలపు తెల్లవాఱుజాము పొగమంచులోనో దృష్టి 60 మీటర్లకు కుంచించుకొనిపోయినపుడు, ఫలకము 120కి అనుమతించుచున్నది గదా యని పోవువాడు, కంటికి కనరాని 70 మీటర్ల దారిని నమ్మి తన ప్రాణములతోపాటు పరుల ప్రాణములను పణమొడ్డుచున్నాడు.

వేగమునకు హద్దు పెట్టుట చట్టమునకు క్రొత్త కాదు. 1865లో బ్రిటను చట్టము యంత్రశకటములకు పల్లెలలో గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు అని హద్దు పెట్టి, ఎఱ్ఱజెండా పట్టిన మనుష్యుడొకడు 60 గజములు ముందుగ నడువవలెనని శాసించినది. నేటివారికి అది వింతగ తోచును; కాని నడచువానినే కొలబద్దగ గైకొన్న ఆ దృష్టిలో న్యాయము కలదని నా దృఢవిశ్వాసము. 1997లో స్వీడన్ పార్లమెంటు అంగీకరించిన మార్గభద్రతా విధానము మఱల ఆ న్యాయమునకే వచ్చినది: దేహము ఎంత తాకిడికి ఓర్వగలదో లెక్కించి, దానినిబట్టియే వేగమునకు హద్దు పెట్టవలెనని దాని సారాంశము; మనుష్యులును బండ్లును కలిసి తిరుగుచోట 30 కిలోమీటర్లే తగినదని ఆ లెక్క తేల్చినది. ఇచ్చటి పారిశ్రామికవాడయైన సనయ్య వీధులను ఒక్కమాఱు తలచుకొనుడు. సాయంకాలము పని ముగించి, కూరగాయల సంచితో దారి దాటువారిలో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతములవారెందఱు లేరు!

ఆ దేహమునకే మఱియొక హద్దు కలదు. దానిని చెప్పుటకే ఇంత దూరము వచ్చితిని. కష్టించు శరీరము వేడిని పుట్టించును. చెమట ఆఱుటవలన ఆ వేడి బయటికి పోవును. గాలిలో తేమ పెరిగినకొలది చెమట ఆఱు వేగము తగ్గును. ఆగస్టు మాసమున ఈ సముద్రతీరమందు అది దేహముమీద కారుచునే యుండును గాని ఆఱుట యరుదు. పుట్టుచున్న వేడి పోవుచున్న వేడిని మించినపుడు యౌవనము గాని, సంకల్పబలము గాని, ఇంటికి పంపవలసిన డబ్బును గూర్చిన తపన గాని ఆ లెక్కను మార్పజాలవు; పనిని మెల్లన చేయుటయో, ఆపుటయో తప్ప త్రోవ లేదు. 2021లో ఖతర్ ప్రభుత్వము, జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వఱకు పగలు 10 గంటలు మొదలు 3.30 వఱకు ఆరుబయట ఎండలో పని చేయింపరాదనియు, ఎండను తేమను గాలిని కలిపి లెక్కించు ఉష్ణసూచి 32.1 డిగ్రీలు దాటినచో ఏ వేళనైనను పని ఆపవలెననియు శాసించినది. రహదారి ఫలకముమీది అంకెకన్న ఈ అంకె నాకు మిక్కిలి పూజనీయము.

మీలో కొందఱు వచ్చు వేసవికే సైటు ఇంజనీరులగుదురు. గడువు దాటిపోవుచున్నదని పైవారు తొందరపెట్టుదురు. కాంక్రీటు లారీ వచ్చి నిలిచియుండును. పనివారును కూలి పోవునను భయమున నోరెత్తక యుందురు. ఆ పూట పనికాగితముపై సంతకము చేయుటకు ముందు ఉష్ణసూచి యెంత యున్నదో మీ కన్నులతో చూచి, ఆ అంకెను కాగితముపై వ్రాయుడు. అది 32.1 దాటియున్నచో పని నిలిపివేయుడు. లారీ వెనుకకు పోయినను పోనిండు; చట్టము మీ పక్షమున నున్నది.