మాండరిన్ చేప, సైక్లాప్స్, మా సార్ మైక్రోస్కోపు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు ఇంజినీరువి కదా, ఏదైనా ప్రాజెక్టు గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. ప్రాజెక్టుల గురించి మొదలుపెడితే మీరంతా భోజనాల వైపు నడుస్తారని నాకు తెలుసు. అందుకని టెక్సాస్‌లో మా ఇంట్లో ఉన్న ఒక చేప గురించి చెబుతాను. అది నా చిటికెన వేలంత ఉంటుంది. నీటి సరఫరా పనుల్లో ముప్పై ఏళ్ళుగా నేను వేసే లెక్కనే అది నాకు మళ్ళీ మొదటి నుంచి నేర్పింది.

దాని పేరు మాండరిన్ చేప. నీలం ఒంటి మీద నారింజ రంగు మెలికలు, ముఖం మీద ఆకుపచ్చ చారలు. పాత చైనా అధికారుల పట్టు అంగీల్లా ఉంటుందని ఆ పేరు. జపాన్ దక్షిణాన ఉన్న ర్యుక్యు దీవుల నుంచి ఫిలిప్పీన్స్, ఇండోనేషియా మీదుగా ఆస్ట్రేలియా దాకా పగడపు దిబ్బల్లో బతుకుతుంది. చాలా జంతువుల్లో కనిపించే నీలం నిజానికి వెలుగు చేసే మాయ. ఈ చేప నీలం అలా కాదు, చర్మకణాల్లోనే నీలి రంగు పదార్థం ఉంటుంది. ఒంటి మీద పొలుసులు ఉండవు. వాటికి బదులు చేదైన, వాసన వేసే జిగురు ఉంటుంది.

మొదటిసారి నేను దాన్ని తెచ్చినప్పుడు మా అక్వేరియం వయసు మూడు నెలలు, పట్టే నీళ్ళు 150 లీటర్లు. "ఇది ఏం తింటుంది?" అని దుకాణంలో అడిగాను. "ఏది వేసినా తింటుంది" అన్నాడు. నేను నమ్మాను. రోజూ రెండు పూటలా మేత వేసేవాణ్ణి. మిగతా చేపలు పైకి ఎగబడి తినేవి. ఇది మాత్రం పైకి వచ్చేది కాదు. పొద్దస్తమానం రాళ్ళ మీద టక్ టక్‌మని పొడుచుకుంటూ తిరిగేది. 'ఆహా, ఎంత చురుగ్గా ఉంది' అనుకునేవాణ్ణి. ఆరో వారంలో మా అమ్మాయి చూపించింది: "నాన్నా, దీని పొట్ట లోపలికి పోయింది." నాలుగు రోజులకే అది చనిపోయింది.

ఆకలితో చనిపోయింది. మేత డబ్బా నిండుగా ఉన్న ఇంట్లో, నా కళ్ళెదురుగా, ఆరు వారాల పాటు ఎండిపోయి చనిపోయింది. ఆ పొడవడం చురుకుదనం కాదు, తిండి కోసం వెతుకులాట.

తర్వాత కూర్చుని చదివాను. మాండరిన్ చేప తినేది కోపిపాడ్లు అనే జీవుల్ని, వాటిలాంటి చిన్న చిన్న పురుగుల్ని. ఒక మిల్లీమీటరు, అంతకంటే చిన్నవి. ప్రతిదాన్నీ రెండు కళ్ళతో పరీక్షగా చూసి, అప్పుడు లోపలికి పీల్చుకుంటుంది. పగలంతా కొంచెం కొంచెంగా తింటూనే ఉండాలి. రెండు పూటల భోజనం దానికి సరిపడదు.

పుస్తకంలో కోపిపాడ్ బొమ్మ చూడగానే నాకు ఈ బడి గుర్తొచ్చింది. ఎనిమిదో తరగతిలో మా సైన్సు సార్ దిగుడు బావి నీళ్ళు ఒక చుక్క గాజుపలక మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఒక్కొక్కరినే పిలిచి చూపించారు. ఒంటి కన్ను, తోక వైపు రెండు గుడ్ల సంచులు, గెంతుతూ పోయే పురుగు. సైక్లాప్స్. అదీ కోపిపాడే, మంచినీళ్ళలో ఉండేది. నారికురుపు దాని ద్వారానే వస్తుందని, నీళ్ళు గుడ్డతో వడకట్టి తాగమని సార్ చెప్పారు. దేశంలో నారికురుపు నిర్మూలన కార్యక్రమం 1983లో మొదలైంది. 2000లో భారతదేశానికి ఆ వ్యాధి నుంచి విముక్తి దొరికిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అప్పుడు వడకట్టి పారేయమన్న పురుగు చుట్టాన్నే ఇప్పుడు నేను డబ్బిచ్చి సీసాల్లో కొని పెంచుతున్నాను!

నా తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. చెరువు నిండుగా కనిపిస్తే సరిపోదు. రోజుకు ఎంత నీరు వస్తోంది, ఎంత పోతోంది అన్నదే లెక్క. కొత్త ట్యాంకు రాళ్ళ మీద కోపిపాడ్లు కొన్ని ఉన్నాయి. అది నిల్వ. చేప ఆ నిల్వను కొన్ని వారాల్లో ఊడ్చేసింది. అవి పుట్టే వేగం, అది తినే వేగాన్ని అందుకోలేకపోయింది.

రెండోసారి 300 లీటర్ల ట్యాంకు పెట్టాను. ఏడాది పాటు మాండరిన్ జోలికి పోలేదు. రాళ్ళు పాతబడి, పురుగు పట్టనిచ్చాను. కింద ఇంకో చిన్న ట్యాంకు కలిపి, అందులో కీటోమార్ఫా అనే నాచు పెంచాను. దాన్ని రెఫ్యూజియం అంటారు. అక్కడికి చేపలు రావు కాబట్టి కోపిపాడ్లు నిశ్చింతగా పిల్లలు పెడతాయి, పంపు నీళ్ళతో పాటు కొన్ని పైకి వస్తాయి. వాటికి తిండిగా ఆకుపచ్చని సూక్ష్మ శైవలాలు పోస్తాను. కోపిపాడ్లకు పోటీ పడే రాస్ జాతి చేపల్ని పెట్టలేదు. వీటితో పాటు ఆర్టీమియా గుడ్లు ఉప్పునీళ్ళలో వేస్తే ఒక రోజులో పిల్లలవుతాయి. వాటిని పొదిగిన రోజే, పోషకం తగ్గకముందే, చిన్న గాజు గిన్నెలో ఇసుక మీద పెడతాను. తొందర చేపలు గిన్నెలో దూరవు, ఇది మాత్రం నిదానంగా వచ్చి తింటుంది. ప్రతి ఆదివారం పొట్ట చూస్తాను. గుండ్రంగా ఉంటే సరే. ఇప్పుడు దానికి మా ఇంట్లో నాలుగో ఏడు.

మీలో ఎవరికైనా సరదా పుడితే రెండు మాటలు. అక్వేరియంలలోనే పుట్టి పెరిగిన మాండరిన్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి విడి మేతకు త్వరగా అలవాటు పడతాయి, సముద్రంలో పట్టినవాటి కంటే అవే మేలు. ఇక మన దేశంలో రాతి పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

చివరిగా, అసలు ఈ కథ ఇక్కడ ఎందుకు చెప్పానంటే, నిన్న నేను మన ల్యాబు చూసి వచ్చాను. సార్ వాడిన మైక్రోస్కోపు బీరువాలోనే ఉంది. కొత్తవి కూడా నాలుగు ఉన్నాయి, ఏదో ఒక బ్యాచి ఇచ్చినవి. ఒకదాని బల్బు పోయింది, ఒకదానికి కటకం లేదు, గాజుపలకలు అయిపోయాయి. అంటే మనం నిల్వ ఇచ్చాం, రాబడి ఇవ్వలేదు.

స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలన్న ప్రతిపాదన ఉందని విన్నాను. కట్టండి, నాకు అభ్యంతరం లేదు. కానీ అందులో కొంత బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీ ల్యాబుకే ఖర్చు పెట్టాలని సభ ముందు మనవి చేస్తున్నాను. నా వంతు ఏటా పంపుతాను.

పైకి ఎగబడి తినే పిల్లలు ఎలాగైనా బతుకుతారు. నేను క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగని వాణ్ణి. అయినా ఆ రోజు సార్ నన్నూ పేరు పెట్టి పిలిచి, కన్ను దగ్గర పెట్టి చూడమన్నారు. అలా చూపించడానికి ఆ బల్బు వెలుగుతూ ఉండాలి.