ఈ కొండల్లో మనుషులేరీ?

(యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి జూన్‌లో మా కుటుంబం స్కాట్లాండ్ ఉత్తర భాగంలో ఐదు రోజులు కారులో తిరిగి వచ్చింది. ఆ ప్రయాణం గురించి నాలుగు మాటలు చెప్పమని మన కార్యదర్శిగారు అడిగారు. ఫోటోలు మీలో చాలామంది వాట్సాప్‌లో ఇప్పటికే చూశారు. పచ్చని కొండలు, నల్లటి సరస్సులు, గొర్రెలు, ఖాళీ రోడ్లు. "అంకుల్, స్వర్గంలా ఉంది" అని కొందరు రాశారు. అందంగానే ఉంది, కాదనను. కానీ ఆ ఫోటోల్లో మనుషులు లేరు. ఈ సాయంత్రం నేను మాట్లాడాలనుకున్నది ఆ లేనివాళ్ల గురించి.

ముందు దారి చెబుతాను. మా అల్లుడు అబర్డీన్‌లో పని చేస్తాడు. అతనూ మా అమ్మాయీ, తొమ్మిదేళ్ల మనవరాలూ, నేనూ నా భార్యా, డెబ్బై ఎనిమిదేళ్ల మా అమ్మా, మొత్తం ఆరుగురం. ఇన్వర్నెస్ నుంచి బయలుదేరి ఉత్తర తీరం చుట్టి మళ్లీ ఇన్వర్నెస్‌కే చేరే రోడ్డు ఒకటుంది, సుమారు 830 కిలోమీటర్లు. 2015లో దానికి నార్త్ కోస్ట్ 500 అని పేరు పెట్టి ప్రచారం చేశారు. అప్పటినుంచి లోకమంతా అక్కడికి వస్తోంది. మేం ఆ రోడ్డు మీద కొంత, లోపలి లోయల్లో కొంత తిరిగాం.

లోపలి రోడ్లు ఒక్క కారు పట్టేంత వెడల్పే ఉంటాయి. అక్కడక్కడ రోడ్డు పక్కన కాస్త చోటు వదిలి బోర్డు పెడతారు. ఎదురుగా బండి వస్తే, ఆ చోటుకు దగ్గరగా ఉన్నవాడు ఆగి దారి ఇవ్వాలి. వెళ్లేవాడు చెయ్యెత్తి కృతజ్ఞత చెబుతాడు. హారన్ కొట్టేవాళ్లు కనబడలేదు. మన ఘాట్ రోడ్లు గుర్తొచ్చి మా ఆవిడ నవ్వుతూనే ఉంది.

రెండో రోజు సాయంత్రం స్ట్రాత్‌నేవర్ అనే లోయలోకి దిగాం. ఆ రోజుల్లో అక్కడ రాత్రి పది దాటినా వెలుతురు పోదు. నది పక్కన కిలోమీటర్ల కొద్దీ పచ్చిక ఉంది, ఇల్లు మాత్రం ఎక్కడో ఒకటి. మనవరాలు అడిగింది: "తాతయ్యా, ఇంత చోటుంది కదా, మనుషులేరీ?" చలి దేశం, రాతి నేల, ఇక్కడ ఎవరుంటారని అల్లుడు జవాబిచ్చాడు. మా అమ్మ కిటికీలోంచి ఆ ఏటవాలు వైపే చూస్తోంది. వాలుగా పడిన ఎండలో గడ్డి కింద వరసగా గట్లు, వాటి మధ్య పల్లాలు కనబడుతున్నాయి. బరంపురం పక్క పల్లెలో నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి ఆమె. "కాదు నాయనా, అవి బోదెలు. ఎవరో దున్ని పంట తీసిన నేల ఇది. ఎందుకు వదిలేసి పోయారో కనుక్కోండి" అంది.

వాళ్లు వదిలేసి పోలేదు. వెళ్లగొట్టారు. కొంత దూరంలో రోసల్ అనే పాత ఊరి చోటు ఉంది. ఇళ్ల పునాది రాళ్లు, ధాన్యం ఆరబెట్టిన కొలిమి ఆనవాళ్లు అక్కడ ఇంకా నిలిచి ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగం నుంచి పంతొమ్మిదో శతాబ్దం నడిమి వరకు స్కాట్లాండ్ ఎత్తయిన ప్రాంతాల నుంచి, దీవుల నుంచి వేలాది కుటుంబాలను భూస్వాములు ఇలాగే ఖాళీ చేయించారు. చరిత్రలో దానికి హైలాండ్ క్లియరెన్సెస్ అని పేరు. తుడిచి శుభ్రం చేయడమని ఆ మాటకు అర్థం. శుభ్రం చేసింది మనుషులను.

కారణం గొర్రెలు. ఇంగ్లాండు మిల్లులకు ఉన్ని కావాలి. వందమంది చిన్న కౌలుదార్లు కట్టే శిస్తు కంటే ఒక్క పెద్ద గొర్రెల ఆసామి ఎక్కువ కడతాడు. సదర్లాండ్ ప్రాంతం కౌంటెస్ ఎలిజబెత్‌ది. ఆమె భర్త ఆ రోజుల్లో బ్రిటన్‌లోని మహా ధనవంతుల్లో ఒకడు. వారి దగ్గర పనిచేసిన పాట్రిక్ సెల్లర్ 1814లో స్ట్రాత్‌నేవర్‌లో ఇళ్లు ఖాళీ చేయించి, జనం మళ్లీ వచ్చి చేరకుండా కప్పు దూలాలకు నిప్పు పెట్టించాడు. ఆ ఏడాదిని గేలిక్ భాష మాట్లాడే ఆ జనం తగలబెట్టిన సంవత్సరం అని పిలుచుకున్నారు. మంచం మీదున్న ఒక ముసలమ్మ, మార్గరెట్ మెకాయ్, నిప్పంటుకున్న ఇంట్లోంచి బయటికి మోసుకొచ్చిన కొద్ది రోజులకే చనిపోయింది. 1816లో సెల్లర్ మీద ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది. జ్యూరీలో ఎక్కువమంది ఆస్తిపరులు. అతను నిర్దోషి అని తేల్చారు. ఖాళీ అయిన ఆ నేలలో గొర్రెల కౌలు ఎవరికి దక్కిందనుకుంటున్నారు? సెల్లర్‌కే.

జనాన్ని తీరానికి తోలి, రాళ్లూ గాలీ తప్ప ఏమీ లేని చిన్న చిన్న చెక్కలు ఇచ్చారు. ఆ చెక్క మీద బతకడం కుదరకూడదన్నదే లెక్క. అప్పుడే చేపలవేటకో, భూస్వామి చెప్పిన పనికో వస్తారు. మిగిలినవారు ఓడలెక్కి కెనడాకు, ఆస్ట్రేలియాకు పోయారు.

ఇది తెలిశాక, మొదటి రోజు మేం చూసిన రెండు కట్టడాలు నాకు వేరేగా అర్థమయ్యాయి. మొదటిది ఇన్వర్నెస్ దాటాక ఫైరిష్ అనే కొండ మీద కనిపించే కమానుల గోడ. మనకు బాగా తెలిసిన నాగపట్నం కోట ద్వారం నమూనాలో దాన్ని కట్టించారని చెబుతారు. 1781లో ఈస్టిండియా కంపెనీ తరఫున నాగపట్నాన్ని డచ్చివారి నుంచి గెలిచిన సర్ హెక్టర్ మన్రో కట్టించినది అది. మన తీరంలో యుద్ధం చేసిన దొర అక్కడ జమీందారు. ఆ చుట్టుపక్కల కూడా గొర్రెలు వచ్చాయి. 1792లో రైతులు తిరగబడి ఆ గొర్రెల మందలను ప్రాంతం దాటించాలని తోలుకుపోయారు. సైన్యం వచ్చి వాళ్లను అణచివేసింది.

రెండోది గోల్స్పీ ఊరి పైన, కొండ కొనన, కౌంటెస్ భర్త విగ్రహం. చివరి రోజుల్లో అతనికి డ్యూక్ బిరుదు కూడా వచ్చింది. పీఠంతో కలిపి సుమారు వంద అడుగులు. ఆయన దయగల భూస్వామి అనీ, దుఃఖంలో ఉన్న కృతజ్ఞులైన కౌలుదార్లు దీన్ని నిలబెట్టారనీ దాని మీద చెక్కి ఉంది. కౌలుదారు పేరుతో చెక్కించింది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

యాత్రికుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనమూ యాత్రికులమే. అమెరికాలో బానిసత్వానికి వ్యతిరేకంగా 'అంకుల్ టామ్స్ క్యాబిన్' రాసిన హ్యారియెట్ బీచర్ స్టో 1853లో బ్రిటన్ వచ్చింది. అప్పటి సదర్లాండ్ డచెస్ లండన్‌లోని తన మేడలో ఆమెకు స్వాగతం పలికింది. మరుసటి ఏడు స్టో తన యాత్రా గ్రంథంలో ఈ ఖాళీ చేయింపులను అభివృద్ధి అని సమర్థించింది. రోసల్‌లోనే పుట్టిన డొనాల్డ్ మెక్‌లౌడ్ అనే తాపీపనివాడు దానికి జవాబు రాశాడు. ఆమె పుస్తకం పేరులో ఎండ కాసే జ్ఞాపకాలున్నాయి. అతను తన పుస్తకానికి చీకటి జ్ఞాపకాలని పేరు పెట్టాడు. నల్లవారి గొలుసులు చూడగలిగిన కళ్లు కూడా, ఆతిథ్యమిచ్చినవారి ఇంట్లో కూర్చుంటే, ఆ ఇంటి కిటికీలోంచే లోకాన్ని చూస్తాయి. అందుకే నేను మీకు చెప్పేది: ఎక్కడికి వెళ్లినా తాపీపనివాడు ఏమంటున్నాడో కూడా వినండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. చివరి రోజు తిరుగుదారిలో క్రోయిక్ అనే చోట ఒక చిన్న గుడి దగ్గర ఆగాం. రోడ్డు అక్కడితో అయిపోతుంది. 1845 మే నెలలో పక్కనున్న గ్లెన్‌కాల్వీ లోయ నుంచి వెళ్లగొట్టిన సుమారు 80 మంది ఈ గుడి ఆవరణలో, సమాధుల మధ్య, దుప్పట్లు పందిరిలా కట్టుకుని తలదాచుకున్నారు. వాళ్లలో కొందరు గుడి కిటికీ గాజుపలకల మీద గీసి రాసిన మాటలు ఇప్పటికీ చదవొచ్చు. ఒకచోట, గ్లెన్‌కాల్వీ వాళ్లం ఇక్కడ ఉన్నామని, తేదీతో సహా. ఇంకొకచోట, గ్లెన్‌కాల్వీ జనం దుష్టతరం అని.

ఎవరో వాళ్లను తిట్టి రాసింది కాదు అది. వాళ్ల చేతులతో వాళ్లే రాసుకున్నది. భూమి పోయింది, ఇల్లు పోయింది, వానలో పిల్లలతో సమాధుల మధ్య పడుకున్నారు. అయినా ఇది మా పాపానికి దేవుడు వేసిన శిక్ష అనుకున్నారు. ఆ ఆలోచన వాళ్లకు ఎక్కడినుంచి వచ్చింది? చాలావరకు ప్రసంగ వేదిక నుంచే. 1712 నాటి చట్టం ప్రకారం సంఘానికి కాపరిని ఎంపిక చేసే హక్కు చాలాచోట్ల భూస్వామిది. కాపరి ఇల్లూ పొలమూ కూడా అతని దయే. అందరూ అలా చేయలేదు గానీ, చాలామంది కాపరులు ఇది దేవుని తీర్పు, లోబడండి అని బోధించారు. నాబోతు ద్రాక్షతోట కథ వాళ్ల బైబిల్లోనూ ఉంది. ఆ కథలో ఏలీయా ప్రవక్త వెళ్లి నిలదీసింది అహాబు రాజును. నీ పాపమేమిటని నాబోతును అడగలేదు.

1843లో భూస్వాముల ఈ పెత్తనాన్ని ఒప్పుకోక 450 మందికి పైగా కాపరులు జీతాలు, ఇళ్లు వదులుకుని బయటికి వచ్చారన్నది కూడా చరిత్రే. సంఘం ఎటైనా నిలబడగలదు. ఎటు నిలబడాలన్నది ప్రతి తరమూ కొత్తగా తేల్చుకోవాలి.

జనం కూడా ఎల్లకాలం తలవంచుకుని ఉండలేదు. 1882లో స్కై దీవిలోని బ్రేస్ గ్రామస్థులు ఖాళీ చేయమన్న నోటీసులను, తెచ్చిన అధికారి చేతే తగలబెట్టించారు. తర్వాత గ్లాస్గో నుంచి వచ్చిన పోలీసుల మీద ఆడవాళ్లే ముందు నిలబడి రాళ్లు విసిరారు. ప్రభుత్వం విచారణ సంఘం వేయక తప్పలేదు. 1886లో చట్టం వచ్చింది: శిస్తు కడుతున్నంతకాలం చిన్న రైతును కదపరాదు, శిస్తు న్యాయంగా ఉండాలి, భూమి వారసులకు చెందాలి. 1993లో మేం దాటివచ్చిన అస్సింట్ ప్రాంతంలో చిన్న రైతులు చందాలు పోగుచేసి, తాము సాగుచేస్తున్న ఎస్టేటునే కొనుక్కున్నారు, సుమారు 21,000 ఎకరాలు. 2003 చట్టం గ్రామీణ సమాజాలకు అలా కొనే అవకాశాన్ని హక్కుగా రాసింది. పరాయివాడైన నేను ఆ కొండల మీద స్వేచ్ఛగా నడవగలగడానికి కారణం కూడా అదే చట్టం.

మరి మన సంగతి? మన పక్కనే బలిమెల జలాశయం ఉంది. ఒడిశా, ఆంధ్ర రెండూ ఆ నీళ్లు వాడుకుంటున్నాయి. అది నిండినప్పుడు ఊళ్లు మునిగాయి. మునగని ఊళ్లు నీళ్లకు అవతల చిక్కుకుపోయాయి. వాళ్లు దాటడానికి గురుప్రియ వంతెన వచ్చింది 2018లో. అక్కడికి వెళ్లి మనం సెల్ఫీలు తీసుకుంటాం, నీళ్లు ఎంత నిర్మలంగా ఉన్నాయో అంటాం.

మన సంఘాల్లో భూమి పోయినవాళ్లు, పట్టా దొరకనివాళ్లు, ఇల్లు కూల్చేస్తే ఊరి చివర గుడిసె వేసుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు ప్రార్థన చేయించుకోవడానికి వస్తే, "మీ జీవితంలో ఏదో లోపం ఉంది, పరీక్షించుకోండి" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. కానీ అది క్రోయిక్ గాజు మీద గీసిన మాటే. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. ఆ తర్వాత పక్కన కూర్చుని వాళ్ల కాగితాలు చదవండి. తహసీల్దారు ఆఫీసుకు తోడు వెళ్లండి. మీరు చదువుకున్నవాళ్లు, ఆ పని మీకు చేతనవుతుంది.

వచ్చే నెల మన యువజనులు బలిమెల విహారయాత్రకు వెళుతున్నారని విన్నాను. సంతోషంగా వెళ్లి రండి. పడవ నడిపే పెద్దాయనతో కాసేపు మాట్లాడండి. "తాతా, మీ పాత ఊరు ఎటువైపు ఉండేది?" అని అడగండి. ఆయన చెప్పింది రాసుకుని తెచ్చి, తర్వాతి కూడికలో మాకందరికీ చదివి వినిపించండి.