ఉప్పెన చదువు

వైనతేయ గోదావరి సముద్రమున కలియుచోట ఓడలరేవు గ్రామమున్నది. నేడచ్చటికి సముద్రగర్భము నుండి గొట్టముల ద్వారా సహజవాయువు వచ్చుచున్నది. మేము ముచ్చటింపదలచినది ఆ వాయువును గూర్చి కాదు, నీటిని గూర్చి. గాలియు నీరును గతి తప్పినపుడు ఏమి జరుగునో పట్టభద్రులైన విద్యార్థులకు నేర్పుటెట్లు అనునదే నేటి ప్రసంగ విషయము.

ఈ చదువు మన దేశమునకు క్రొత్తది కాదు. 1839లో కోరంగిని ముంచిన తుపానును గూర్చి పరిశీలించినవారిలో కలకత్తాయందుండిన పిడింగ్టన్ ఒకడు. 'సైక్లోను' అను మాటను 1848లో ప్రచారమునకు తెచ్చినవాడతడే. మన విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు 1952లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు లఫాండ్ వచ్చి, విద్యార్థులను పడవలెక్కించి బంగాళాఖాతమును కొలిపించెను. అటు పిమ్మట ఎందరో ఆచార్యులు ఆ శాస్త్రమును పెంపొందించిరి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007లో హైదరాబాదునందలి సముద్ర సమాచార కేంద్రమున హెచ్చరికల విభాగమేర్పడినది. కావున గురువులకును యంత్రములకును లోటు లేదు. లోటు మరియొకచోట నున్నదని మా అభిప్రాయము.

ఉప్పెన ఎట్లు పుట్టునో చూడుడు. తుపాను నడుమ గాలిపీడనము ఒక మిల్లీబారు తగ్గినచో నీటిమట్టము సుమారొక సెంటీమీటరు పొంగును. యాభై మిల్లీబారులు తగ్గినను పొంగు అర మీటరే. మిగిలినదంతయు గాలి చేయు పని. గాలివేగము రెట్టింపైనచో అది నీటిని త్రోయు బలము నాలుగింతలగును. లోతైన సముద్రమున నీరు అడుగుగా మరలిపోవును. మెరకపై ఆ దారి లేక ఒడ్డున పోగుపడును. నిజాంపట్టణపు అఖాతము వెడల్పును మెరకయు గలది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలమందిని బలిగొన్న ఉప్పెన ఆ ప్రాంతమున అంత యెత్తు లేచుటకు ఇదియు నొక కారణము. గోదావరి మొగల యెదుట సముద్రము త్వరగా లోతగును. ఒకే గాలి రెండు తీరములలో ఒకే ఉప్పెన నీయదు. విద్యార్థి మొదట గ్రహింపవలసినది ఇదియే.

అట్లని కోనసీమ నిర్భయముగా నుండవచ్చునా? 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను వేయిమందికి పైగా పొట్టను పెట్టుకొన్నది. వారిలో వేటకు పోయి తిరిగిరానివారెందరో. కొబ్బరితోటలు నేలకొరగినవి, కొబ్బరిచెట్టు మరల కాపునకు వచ్చుటకు ఎన్నేండ్లు పట్టునో కోనసీమవారికి చెప్పనక్కరలేదు.

మన పరీక్షాపత్రములలో తీరము గీత గీసినట్లు తిన్నగా నుండును, నేల పలకవలె చదునుగా నుండును. సమీకరణము సాధించినవానికి మార్కులు. ఓడలరేవున అట్టి తీరము లేదు. ఇసుకదిబ్బలున్నవి, వాటి నడుమ గండ్లున్నవి. మొగ యున్నది, మురుగుకాలువలున్నవి. సముద్రపునీరు దిబ్బను దాటకయే ఆ కాలువలగుండ ఎగదన్ని వెనుకనున్న చేలలో ప్రవేశింపగలదు. కావున విద్యార్థిని ఒక్క పక్షము దినములైనను ఇచ్చట నుంచవలెనని మేము కోరుచున్నాము. పున్నమికిని అష్టమికిని పోటు ఎంత భేదించునో వాడు తానుగా కొయ్య పాతి కొలువవలెను. రెండు మీటర్ల ఉప్పెన పోటుతో కలిసి వచ్చినచో ఒక మాట, పాటుతో వచ్చినచో మరియొక మాట.

ఇంకొక అభ్యాసము కలదు. ఇది అన్నిటికంటె కష్టము. మన అర్ధగోళమున తుపాను గాలి అప్రదక్షిణముగా తిరుగును. ఆ కారణమున అది నడచు దారికి కుడివైపున గాలి నీటిని ఒడ్డుకు త్రోయును, ఎడమవైపున ఒడ్డునుండి వెనుకకు లాగును. తుపాను నలుబది కిలోమీటర్లు ప్రక్కకు తప్పినచో మునుగవలసిన ఊరు మునుగకపోవచ్చును. అట్టి సందిగ్ధమును దాచక, భయపెట్టక, పల్లెకారునకు తెలియజెప్పవలెను. "తీరమున రెండు మీటర్ల ఉప్పెన" యనిన వినువానికి ఏమి తెలియును? "మీ వాకిట నడుమువరకు నీరు రావచ్చును, చీకటి పడకముందే బయలుదేరుడు" అనిన తెలియును. మొదటి వాక్యమునుండి రెండవదానికి వచ్చుటకు ఊరి నేలయెత్తు, ఆనాటి పోటు, గండి యున్న తావు, అన్నియు తెలియవలెను. ఆ రెండవ వాక్యమును వ్రాయగల విద్యార్థికే మేము పట్టమిత్తుము. అదియు ఆ ఊరి పెద్దలకు చదివి వినిపించి, వారడుగు ప్రశ్నలకు సమాధానము చెప్పిన పిమ్మట.