అరటిపండు వాసన - ముక్కుకు పరీక్ష
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని పిలిచి "సైన్సు గురించి నాలుగు మాటలు చెప్పండి, ఫార్ములాలు మాత్రం వద్దు" అన్నారు. సరే, ఒక్క ఫార్ములా కూడా చెప్పం. ఒక చిన్న సీసా మాత్రం తెచ్చాం. దీని మూత తీశామంటే కాసేపట్లో వెనక వరసలోని పిల్లలు "అరటిపండు!" అని అరుస్తారు. కాని మూత తియ్యం. ఎందుకో చెప్తాం.

ఇందులో ఉన్నది పండ్ల రసం కాదు. ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ద్రవం. ఎస్టర్ల జాతికి చెందింది. ఒక ఆల్కహాలూ ఒక ఆమ్లమూ కలిసి, మధ్యనుంచి నీరు విడిపోతే మిగిలేదే ఎస్టర్. ఇక్కడ ఆల్కహాలు ముక్కు చిట్లించే కంపు. ఆమ్లమేమో వినిగర్‌లోని పులుపే. ఈ రెంటికీ కాస్త గంధకికామ్లం చేర్చి కాస్తే, పుట్టిన బిడ్డకు తల్లి వాసనా రాదు, తండ్రి వాసనా రాదు. కమ్మని మిఠాయి వాసన వస్తుంది. పండిన అరటిపండులోనూ ఇది సహజంగా ఉంటుంది. అయితే చక్కెరకేళి వాసనంతా ఈ ఒక్కదానిదే అనుకోకండి. పండులో ఇంకా ఎన్నో పదార్థాలున్నాయి. అందుకే అరటి వాసన పిప్పరమెంటుకూ అసలు పండుకూ అంత తేడా.

దీనికి రంగు లేదు. నీటికన్నా తేలిక. 142 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరుగుతుంది. కాని 25 డిగ్రీల ప్రాంతంలోనే దీని ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మన ఊళ్ళో 25 డిగ్రీలంటే చల్లని రోజన్నమాట! అందుకే మూత తియ్యం.

వాసనల మీద పరిశోధించేవారికి ఇది చాలా ఇష్టమైన సరుకు. చవక, తేలిగ్గా ఆవిరవుతుంది, ఎవరైనా గుర్తుపడతారు. తేనెటీగ కుట్టినప్పుడు దాని ముల్లు దగ్గరనుంచి వెలువడే వాసనలో ఇది ఉందని 1962లో కనిపెట్టారు. మనకు మిఠాయి వాసన, తక్కిన ఈగలకు "శత్రువొచ్చాడు, రండి" అన్న కేక. తేనెపట్టు దగ్గరకు అరటిపండు తింటూ వెళ్ళొద్దని పెంపకందార్లు చెప్పేది ఇందుకే.

మన దేశంలోనూ గొప్ప పని జరిగింది. అలీగఢ్‌లో చదువుకున్న ఒబైద్ సిద్దీఖీ గారు బొంబాయి టాటా పరిశోధనా సంస్థలో 1962లో అణు జీవశాస్త్ర విభాగం నెలకొల్పారు. ఆయనా, ఆయన శిష్యురాలు వెరోనికా రోడ్రిగ్స్ గారూ 1970ల్లో పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్ని పట్టి, వాటిలో కొన్నిటికి ఫలానా వాసనలు మాత్రమే ఎందుకు తెలియవో వెతికారు. ఒక రకం ఈగలకు ఎసిటేట్ ఎస్టర్ల వాసన సరిగా అందదు, తక్కిన వాసనలు బాగానే అందుతాయి. అంటే ముక్కు మొత్తం చెడక్కర్లేదు, ఒక గది తలుపు మాత్రమే మూసుకుపోవచ్చు. సిద్దీఖీ గారు 2013లో కన్నుమూశారు.

మరో సంగతి, మేము అసలు చెప్పదలచింది దీని గురించే. మట్టిలో ఒక సన్నని పురుగుంది, కళ్ళు లేవు, నాడీకణాలు 302 మాత్రమే. ఈ ఎస్టర్ తయారీకి వాడే ఐసోఅమైల్ ఆల్కహాలు వాసనకు పరుగున వస్తుంది. ఆ వాసనలోనే చాలాసేపు ఉంచితే ఇక దాన్ని పట్టించుకోదు. కాని వేరే వాసన పెడితే మళ్ళీ కదులుతుంది. 1995లో అమెరికాలో బార్గ్‌మన్ గారి ప్రయోగశాల దీన్ని చూపించింది. పురుగుకే కాదు, మనకూ అంతే. వాసన పోలేదు, ముక్కు ఊరుకుంది.

మా వీధి చివర కార్లకు రంగు కొట్టే షెడ్డుంది. అక్కడ పనిచేసే కుర్రాణ్ణి, మూతికి జేబురుమాలు కట్టుకుని స్ప్రే చేస్తుంటే, "వాసన రావటంలేదా బేటా?" అని అడిగాం. "మొదట్లో వచ్చేది సార్, ఇప్పుడు రుమాలు కట్టుకుంటున్నాగా, రావటంలేదు" అన్నాడు. లాకర్లలో, థిన్నర్లలో ఇలాంటి ఎసిటేట్లతోపాటు టోలూయీన్ వంటివీ ఉంటాయి. గుడ్డ దుమ్మును కాస్త ఆపుతుందేమోగాని ఆవిరిని ఆపదు. ఆగింది ఆవిరి కాదు, వాడి ముక్కు!

ఆవిర్లను పీల్చుకునే బొగ్గు డబ్బాలున్న మాస్కు మొహానికి సరిగా అతికిందో లేదో చూడటానికి అమెరికాలో ఈ అరటి వాసననే వాడతారు. పెద్ద సంచిలాంటి గుడారంలో, ముప్పావు మిల్లీలీటరు ద్రవంతో తడిపిన కాగితం వేలాడదీసి, మాస్కు పెట్టుకున్న మనిషిని లోపల నిలబెడతారు. మామూలుగా ఊపిరి పీల్చమంటారు, గట్టిగా పీల్చమంటారు, తల అటూ ఇటూ తిప్పమంటారు, మాట్లాడమంటారు. అరటి వాసన తగిలిందా, మాస్కు ఫెయిల్! ఆ మనిషి వెంటనే బయటికి వచ్చెయ్యాలి, లేకపోతే ముక్కు అలవాటు పడి మళ్ళీ పరీక్షకు పనికిరాదు.

మాకు నచ్చిన జాగ్రత్త ఇంకొకటుంది. మాస్కుకన్నా ముందు ముక్కుకే పరీక్ష పెడతారు, అదీ వేరే గదిలో. ఒక సీసాలో ఉత్త నీళ్ళు, ఇంకో సీసాలో పది లక్షల పాళ్ళకు ఒక పాలు ఈ ఎస్టర్ కలిపిన నీళ్ళు. ఏది ఏదో చెప్పలేనివాడికి ఈ వాసనతో మాస్కు పరీక్ష చెయ్యరు. న్యాయమే కదా, తూచేముందు తరాజు సరిగా ఉందో లేదో చూడాలి.

2020లో కోవిడ్ వచ్చాక మనలో ఎంతోమందికి వాసన పోయింది. చాలామందికి తిరిగొచ్చింది, కొందరికి పూర్తిగా రాలేదు. వంట గ్యాసుకు ఆ కంపు కలిపేదే లీకయితే తెలియటానికి. ఆ కంపు అందని ముక్కుతో పొయ్యి దగ్గర నిలబడే తల్లులు మన ఇళ్ళలోనే ఉండొచ్చు.

అందుకని అటువంటి రెండు నీళ్ళ సీసాలు కలిపి తెచ్చాం. వాటితో నిప్పు భయం లేదు. సభ అయ్యాక అటు కిటికీ పక్క బల్ల మీద ఉంటాయి. ఒక్కసారి ఊపి, మూత తీసి, వాసన చూసి, ఏది ఏదో మా చెవిలో చెప్పండి. అత్తరు పూసుకొచ్చినవారు చేతులు కడుక్కుని రండి. షెడ్లలో, పాలిష్ పనిలో ఉన్న తమ్ముళ్ళు ముందు రావాలి, ఆ తర్వాత వంటింటి తల్లులు. తేడా తెలియనివాళ్ళు సిగ్గుపడకుండా పేరు ఇచ్చి వెళ్ళండి, ముక్కు డాక్టరు గారి దగ్గరకు మేమే తీసుకెళ్తాం.