ఒకే భాండాగారం, రెండు పనిచోట్లు



పాఠశాల చరిత్రను గురించి మాట్లాడవలసినదిగా నన్ను కోరినారు. ఆ చరిత్ర నాకన్న బాగుగా తెలిసిన పెద్దలు ముందు వరుసలోనే ఆసీనులై ఉన్నారు. కనుక దానిని వ్రాయు పనిలో మేము చేసిన ఒక పొరపాటును, దిద్దుకున్న తీరును మాత్రమే మనవి చేస్తాను.

ఈ ప్లాటినం జూబిలీ సంచిక వ్యాసాలను, పూర్వవిద్యార్థుల పట్టికను కార్యాలయపు కంప్యూటరులో గిట్ అనే సాధనంతో భద్రపరుస్తున్నాము. లినక్స్ నిర్మాణపు అవసరాల కొరకు 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దీనిని రూపొందించినారు. ప్రోగ్రాములు వ్రాసేవారి పనిముట్టు మనకెందుకని మొదట నేనే అన్నాను. హోసూరు నుండి బెంగళూరుకు రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్లివచ్చే మన పూర్వవిద్యార్థి ఒకరు ఓపికతో నేర్పినారు. అంతకుముందు మా ఫైళ్లకు 'చివరిది', 'అసలు చివరిది', 'ఇదే చివరిది' అని పేర్లుండేవి. నవ్వకండి, మీ ఇండ్లలోనూ ఉంటాయి. గిట్‌లో నమోదు చేసిన ప్రతి మార్పూ, ఎవరు ఎప్పుడు చేసినదీ నిలిచి ఉంటుంది. రచన సాగే శాఖ ఒకటి, అచ్చుకు వెళ్లే శాఖ మరొకటి ఏర్పరచుకున్నాము. పనిచేసే ఫోల్డరు మాత్రం రెండింటికీ ఒక్కటే.

ఒకనాటి మధ్యాహ్నం చరిత్ర వ్యాసంలో మన తొలి తెలుగు పండితులను గురించిన పేరాను ముందుకు జరపదలచి కత్తిరించినాను. ఇంకా అతికించకమునుపే, పట్టికలో రెండు పేర్లు దిద్ది వెంటనే పంపమని అచ్చాఫీసు నుండి ఫోను వచ్చినది. అదే ఫోల్డరును ముద్రణ శాఖకు మార్చినాము. ఆ వ్యాసం అప్పటికి రెండు శాఖలలోనూ ఒకే రీతిగా ఉండుటచే గిట్ అడ్డుచెప్పలేదు. నా సగం పని కూడా మా వెంటనే వచ్చినది. తొందరలో అన్నింటినీ కలిపి నమోదు చేసి పంపినాము. ప్రూఫు చూడవచ్చిన ఆ పండితుల కుమార్తె, "మా నాన్నగారు ఇక్కడ పనిచేయలేదా అమ్మా?" అని అడిగినారు. ఆమె కోపగించుకొని ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఒకే బల్లపై రెండు పనులు పరచిన తప్పు మాది. దీనికి ఉపాయం గిట్‌లోనే ఉన్నదని ఆ పూర్వవిద్యార్థి చెప్పినారు. 2015లో వెలువడిన 2.5 కూర్పులో చేరిన వర్క్‌ట్రీ అనే సదుపాయమది. 'గిట్ వర్క్‌ట్రీ యాడ్' అని, కొత్త ఫోల్డరు చోటు, శాఖ పేరు ఇచ్చిన యెడల మరొక ఫోల్డరు ఏర్పడుతుంది. అందులో ముద్రణ శాఖ, పాతదానిలో రచన శాఖ. వెనుకనున్న భాండాగారం ఒక్కటే. దాని చిరునామా తెలిపే చిన్న ఫైలు మాత్రమే కొత్త ఫోల్డరులో ఉంటుంది. ఒకచోట నమోదైన మార్పు రెండవచోటికి వెంటనే అందుబాటులోకి వస్తుంది. ఫోల్డరును ఊరకే నకలు తీసి ఉంటే చరిత్రలు రెండై, వాటిని మరల కలుపుకొనవలసి వచ్చేది. ఒకే శాఖను రెండు ఫోల్డర్లలో తెరవబోతే గిట్ సాధారణంగా ఒప్పుకొనదు. ఈ కట్టడి నాకు నచ్చినది. ఒకే పీరియడులో ఒకే తరగతికి ఇద్దరు ఉపాధ్యాయులను పంపము గదా!

పని ముగిసిన ఫోల్డరును 'వర్క్‌ట్రీ రిమూవ్' అని తొలగించాలి. నమోదు కాని మార్పులుంటే అది ఆగి హెచ్చరిస్తుంది. చేతితో చెరిపివేస్తే నమోదైనవి భాండాగారంలో నిలుస్తాయి, కానివి పోతాయి. ఆ భాండాగారమే చెడితే ఎన్ని ఫోల్డర్లున్నా ప్రయోజనం లేదు. అందుచేత ప్రతి సాయంత్రం ఒక ప్రతిని వేరొక కంప్యూటరుకు పంపుతున్నాము.

పండితులవారి పేరా తన చోటికి చేరినది. ఆ అమ్మగారికి చదివి వినిపించినాను. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పని చూపినారు. ఆమె కూర్చుని ఉండగానే ముద్రణ ఫోల్డరులో దానిని దిద్దినాము. పక్క ఫోల్డరులో నా వ్యాసం సగంలోనే, చెక్కుచెదరక ఉన్నది.